మే నెలలో కుక్కపిల్లను తేవచ్చా?

ప్రశ్న: మేము అనంతపురం సాయినగర్‌లో అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటున్నాం. నేను ప్రభుత్వ ఉద్యోగిని, నా భార్య జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఇద్దరమూ ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే సాయంత్రం ఐదున్నర దాటాకే ఇల్లు చేరుతాం. పగలంతా ఇంట్లో ఉండేది మా అమ్మ ఒక్కతే. ఆమెకు 70 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర లేనిదే నడవలేదు. వచ్చే మే నెలలో మా బాబుకు 11 ఏళ్లు నిండుతాయి, పాపకు ఆరేళ్లు. పుట్టినరోజుకు కుక్కపిల్ల కావాలని, రోజూ తానే తిప్పుతానని బాబు మాట ఇస్తున్నాడు. బెంగళూరులోని స్నేహితుడు సైబీరియన్ హస్కీ పిల్లను ఇప్పిస్తానంటున్నాడు. ఇంట్లో పెంచుకోవడానికి పగ్ అయితే చిన్నది, తేలిక అని మా బావమరిది సలహా. పక్క సందులో కడుతున్న ఇంట్లో ఒక వీధి కుక్క పిల్లలు పెట్టింది, అందులో ఒకదాన్ని తెచ్చుకుంటే ఖర్చే ఉండదని ఇంట్లో పనికి వచ్చే ఆమె అంటోంది. అమ్మ మాత్రం ఏమీ అనడం లేదు. ఈ మూడింటిలో ఏది మంచిది? (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు)

సమాధానం: మీ ఉత్తరంలోని మూడు కుక్కల గురించీ చెబుతాను. అయితే చదువుతున్నప్పుడు నన్ను ఆపింది ‘అమ్మ మాత్రం ఏమీ అనడం లేదు’ అన్న చిన్న వాక్యం. మీ ఇంటికి రాబోయే కుక్క పనిదినాల్లో రోజుకు తొమ్మిది గంటలు ఆమెతోనే గడుపుతుంది. దానికి నీళ్లు పెట్టవలసిందీ, ఎవరో తలుపు కొట్టినప్పుడు అది అరిస్తే సముదాయించవలసిందీ, ఒంట్లో బాగాలేకపోతే మొదట గుర్తించవలసిందీ ఆమే. ఏ జాతి అన్న ప్రశ్న దీని తరువాత వస్తుంది. ఆమె మౌనాన్ని మీరు అంగీకారం కింద లెక్క వేసుకున్నారేమోనని నా అనుమానం. ఇంట్లో పెద్దవాళ్లు మనవడి ముచ్చటకు అడ్డం చెప్పలేక ఊరుకోవడం మనం ఎరగనిది కాదు.

ముందుగా హస్కీ సంగతి. దయచేసి ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఈశాన్య సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బండ్లు లాగించడానికి తరతరాలుగా పెంచుకున్న కుక్క అది. పైన పొడవైన వెంట్రుకలు, వాటి కింద ఉన్నిలాంటి దట్టమైన పొర, ఇలా రెండు పొరల బొచ్చు దాని ఒంటిని గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలైన మన అనంతపురంలో ఆ బొచ్చుతో అది ఏం సుఖపడుతుంది? ఏసీ గదిలో ఉంచుతామని కొందరు అంటారు. మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేస్తారన్నది ఒక ప్రశ్న అయితే, రోజూ ఎన్నో కిలోమీటర్లు పరుగెత్తడానికి పుట్టిన జంతువును నాలుగు గోడల మధ్య నెలల తరబడి బంధించడం న్యాయమా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. పరుగు లేని హస్కీ సామాన్లు కొరుకుతుంది, గంటల కొద్దీ ఊళ వేస్తుంది, తలుపు సందు దొరికితే పారిపోతుంది. వేసవిలో గుండు గీయిస్తే చల్లబడుతుందన్నది కూడా నిజం కాదు. బొచ్చు తీసేసిన చర్మానికి ఎండదెబ్బ నేరుగా తగులుతుంది, తిరిగి మొలిచే బొచ్చు సరిగా రాకపోవచ్చు.

పగ్ విషయంలో మీ బావమరిది మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ చిన్న కుక్క అంటే తేలికైన కుక్క అని అర్థం కాదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున ఉండే మెత్తల్లో కొద్దిగా పడుతుంది, అంతే. దాని మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. అంతకు మించిన వేడిని దించుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి వగర్చడమే. నాలుక మీదా, ముక్కు లోపలి తడి పొరల మీదా గాలి వేగంగా వచ్చిపోతుంటే ఆ తడి ఆవిరై ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. పగ్ మూతి తరతరాల పెంపకంలో నొక్కుకుపోయింది, ముక్కు రంధ్రాలు ఇరుకయ్యాయి, అంగిలి వెనుక ఉండే మెత్తని భాగం గాలి దారికి అడ్డంగా వేలాడుతుంది. వగర్చడానికే అది అంత కష్టపడాలి, ఆ కష్టానికి ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. నిద్రలో అది పెట్టే గురకను చూసి ముద్దుగా ఉందని నవ్వుకునేవాళ్లకు అది ఊపిరి అందని చప్పుడని తెలియదు. దీనికి తోడు బయటకు పొడుచుకు వచ్చిన కళ్లకు గాయాలవుతాయి, ముఖం మీది ముడతల్లో చెమ్మ నిలిచి పుండ్లు పడతాయి. ఇలాగే మూతి నొక్కుకుపోయిన ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కూ, షిట్జూకూ ఈ మాటలే వర్తిస్తాయి.

ఏ కుక్కను తెచ్చినా సరే, వడదెబ్బ గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ముఖ్యంగా మీ అమ్మగారికి. ఆపకుండా వగర్చడం, నోటి నుంచి చిక్కటి చొంగ కారడం, చిగుళ్లు ఎర్రగా కమిలిపోవడం, వాంతులు, తూలుతూ నడవడం కనిపిస్తే వెంటనే నీడలోకి తెచ్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను కింద పడుకోబెట్టి, ఆ తడి ఒంటితోనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. తాగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు పట్టండి, స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో పోయవద్దు. మే నెలలో పొద్దున ఏడు దాటాక, సాయంత్రం నేల చల్లబడక ముందు నడకకు తీసుకుపోకూడదు. మీ అరచేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద ఐదు క్షణాలు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఇక మూడోది, పక్క సందులోని పిల్లలు. వాతావరణం ఒక్కటే చూస్తే మనకు తగినది నాటు కుక్కే. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, సన్నటి ఒళ్లు, ఇవన్నీ ఈ ఎండల్లో బతికి బట్టకట్టిన తరాల నుంచి దానికి వచ్చినవి. మన జిల్లాల్లో గొర్రెల మందల వెంట రాత్రింబవళ్లు తిరిగే కుక్కలను చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అది ఇంటి మనుషులను అంటిపెట్టుకుని ఉంటుంది, చెప్పింది త్వరగా పట్టుకుంటుంది. అయితే దానికి ఖర్చు ఉండదన్న మాట తప్పు. కొనడానికి డబ్బు అక్కరలేదు కానీ పెంచడానికి కావాలి. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, పదహారు వారాల వరకు మూడు నాలుగు వారాలకు ఒకసారి వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం ఏటా మళ్లీ మళ్లీ వేయించుకుంటూ పోవాలి. నులిపురుగుల మందు, పిడుదుల మందు ఎప్పుడూ ఉండేవే. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన వేడి ప్రాంతాల్లో ఎన్నో కుక్కల ప్రాణాలు తీస్తోంది, నాటు కుక్కకు అది రాదన్న భరోసా ఏమీ లేదు. సంతానం కలగకుండా చేయించే ఆపరేషన్ కూడా మీ లెక్కలో ఉండాలి.

మరో మాట. ఆ పిల్లలను రెండు నెలలు నిండకముందే తల్లి నుంచి వేరు చేయవద్దు. తల్లితో, తోటి పిల్లలతో ఆడుకుంటూనే అవి ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో నేర్చుకుంటాయి. ఆ పాఠం నేర్వకుండా నెల పిల్లగా ఇంటికి వచ్చిన కుక్క పళ్లు చివరకు మీ పాప చేతుల మీదే పడతాయి. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు కూడా ఎనిమిది వారాల లోపు పిల్లలను అమ్మకూడదని చెబుతున్నాయి, పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలని కూడా చెబుతున్నాయి. మీరు ఎప్పుడైనా కొనాలనే నిర్ణయానికి వస్తే, తల్లి కుక్కను కళ్లారా చూపించని మనిషి దగ్గర, పిల్లను బస్టాండుకు తెచ్చి అందిస్తానన్న మనిషి దగ్గర కొనకండి. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలు వంశాన్ని చెబుతాయి, ఆరోగ్యానికి పూచీ పడవు.

మన దేశపు జాతులే కావాలనుకుంటే ముధోల్, రాజపాళయం పేర్లు మీకు ఎవరైనా చెప్పవచ్చు. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతానిది ఒకటి, తమిళనాడుది ఇంకొకటి. రెండూ గొప్ప కుక్కలు, 2005లో తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు కూడా తెచ్చింది. కానీ ముధోల్ చూపుతో వేటను పసిగట్టి తరిమే పరుగు కుక్క, దానికి చేలగట్లు కావాలి. రెండో అంతస్తులో, కర్ర పట్టుకుని నడిచే పెద్దావిడ పక్కన దాన్ని కట్టివేయడం ఆ ఇద్దరికీ అన్యాయమే అవుతుంది.

ఇప్పుడు మీ బాబు ఇచ్చిన మాట దగ్గరికి వద్దాం. వాడు మనస్ఫూర్తిగానే చెబుతున్నాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ లెక్క చూడండి. కుక్క ఆయువు సుమారు పది నుంచి పద్నాలుగేళ్లు. బాబుకు వచ్చే మే నెలలో పదకొండు నిండుతాయి. పదో తరగతి అయ్యేసరికి పదిహేను దాటుతుంది. ఆ తరువాత మన పిల్లల్లో చాలామంది ఇంటర్ కోసం విజయవాడకో, హైదరాబాదుకో, తిరుపతికో హాస్టళ్లకు వెళ్తున్నారు, మీరూ అదే దారిలో పంపవచ్చు. అక్కడి నుంచి ఇంజనీరింగ్, ఆ తరువాత ఉద్యోగం. అంటే కుక్క జీవితంలో మొదటి నాలుగైదేళ్లు మాత్రమే వాడు దాని పక్కన ఉంటాడు, మిగిలిన కాలమంతా, ముఖ్యంగా దానికి కీళ్లు పట్టేసి చూపు మందగించే ముసలితనమంతా మీ ఇద్దరి చేతుల్లో గడుస్తుంది. అందుకే వాడి కోరికను పక్కన పెట్టి, ‘మా ఇద్దరికీ కుక్క కావాలా? యాభై ఏళ్లు దాటిన వయసులో కూడా రోజూ తెల్లవారుజామున మెట్లు దిగి దాన్ని తిప్పడానికి మేము సిద్ధమేనా?’ అని మీరూ మీ భార్యా కూర్చుని మాట్లాడుకోండి. ఇద్దరిలో ఒక్కరు కాదన్నా కుక్కను తేవద్దు. పిల్లవాడి మాట మీద తెచ్చిన కుక్క, ఆ పిల్లవాడికి పరీక్షలు వచ్చిన నెలలో వాకిట్లో గొలుసుకు చేరడం నేను చూసిన చాలా ఇళ్లలో జరిగింది. అది పిల్లవాడి తప్పు కాదు. మోయలేని బాధ్యతను వాడి మీద పెట్టిన పెద్దలదే ఆ తప్పు.

మీ అమ్మగారి విషయంలో ఇంకాస్త ఆగాలి. ‘నీకు ఇష్టమేనా?’ అని అడిగితే ఆమె మీ అందరి ముఖాలు చూసి ‘మీ ఇష్టం’ అంటుంది. కాబట్టి ప్రశ్న అలా అడగకండి. ఒక్కరే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, ఏయే పనులు ఆమె మీద పడతాయో ఒక్కొక్కటీ చెప్పి అడగండి. వంటింట్లోకి, పూజ గదిలోకి కుక్క రాకూడదని ఆమెకు ఉంటే ఆ మాట ముందే బయటికి రావాలి, చెక్క గేటు ఒకటి పెట్టించి ఆ హద్దును తొలి రోజు నుంచే అమలు చేయవచ్చు. అన్నిటికంటే పెద్ద భయం ఆమె పడిపోవడం. మూడు నెలల కుక్కపిల్ల కాళ్లకు అడ్డం పడుతుంది, చీర కుచ్చిళ్లు పట్టి లాగుతుంది, చేతికర్రను ఆట వస్తువనుకుంటుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. పైగా కుక్కపిల్లకు మూత్రం ఆపుకునే శక్తి తక్కువ, మూడు నెలల పిల్లను రెండు మూడు గంటలకు ఒకసారి బయటికి తీసుకుపోవాలి. రెండు అంతస్తుల మెట్లు దిగి ఆ పని పగటి పూట ఎవరు చేస్తారు? ఆమె చేయలేరు, చేయకూడదు కూడా.

అందువల్ల నా స్పష్టమైన సలహా ఇది: మీ ఇంటికి కుక్కపిల్ల వద్దు. మీరిద్దరూ, మీ అమ్మగారూ నిజంగా ఒప్పుకుంటే, రెండు మూడేళ్ల వయసున్న, పొట్టి బొచ్చు, మధ్యరకం ఒళ్లు, నెమ్మది స్వభావం గల పెద్ద కుక్కను వెతుక్కోండి. ఆ వయసుకు దాని స్వభావం స్థిరపడి ఉంటుంది, మీరు చూసి తెలుసుకోగలరు. కొరికే ఆటల వయసు దాటిపోయి ఉంటుంది, ఉదయం, సాయంత్రం, రాత్రి పడుకునే ముందు తిప్పితే సరిపోతుంది. బదిలీ అయి వెళ్లిపోయేవారు వదిలేయాలనుకుంటున్న కుక్క కావచ్చు, మీ వీధిలో అందరి చేతి అన్నం తిని పెరిగిన నాటు కుక్క కావచ్చు. వీధి కుక్క చెవి అంచున చిన్న గాటు ఉంటే దానికి సంతాన నిరోధక ఆపరేషన్ అయిందని గుర్తు. పెద్ద కుక్క కొత్తవారికి అలవాటు పడదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. కొన్ని వారాలు ఓపిక పడితే చక్కగా అలవాటు పడుతుంది. తెచ్చే ముందు మీ పశువైద్యుడికి చూపించి పరీక్షలు చేయించండి. అంతకంటే ముందు దాన్ని నాలుగైదు సార్లు మీ అమ్మగారికి, పాపకు కింద వాకిట్లో చూపించండి. కర్ర చప్పుడుకు బెదిరిపోయే కుక్క అయినా, పాప పరుగెత్తగానే వెంటపడే కుక్క అయినా మీ ఇంటికి కుదరదు.

సమయం గురించి. మే నెలలో తేవద్దు. వేసవి సెలవుల్లో మీ భార్య ఇంట్లో ఉంటారు నిజమే, కానీ కొత్త చోటుకు వచ్చిన బెదురూ ఎండా రెండూ కలిస్తే ఎంత గట్టి కుక్కకైనా కష్టమే. దసరా సెలవుల నాటికి ఎండ తగ్గుతుంది, ఆమె ఇంట్లోనే ఉంటారు. బాబు పుట్టినరోజుకు వాగ్దానం బదులు ఒక పని ఇవ్వండి: వేసవి మొత్తం గేటు పక్కన నీడలో మట్టి తొట్టి పెట్టి, రోజూ కడిగి నీళ్లు నింపడం వాడి పని. ఆ సందులోని తల్లి కుక్కకు దూరం నుంచి అన్నం పెట్టడం మీ పని, పిల్లల దగ్గరికి వెళ్తే తల్లి మీద పడవచ్చు కనుక బాబును ఒంటరిగా పంపవద్దు. ఈ నెలల్లోనే మీరిద్దరూ రోజూ పొద్దున ఐదున్నరకు లేచి అరగంట నడవండి. కుక్క లేకుండానే అది సాగకపోతే, కుక్క వచ్చాక సాగుతుందని అనుకోవద్దు.

రేబిస్ గురించి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. లక్షణాలు బయటపడిన తరువాత ఆ జబ్బు దాదాపు ప్రతిసారీ ప్రాణం తీస్తుంది, ముందుగా జాగ్రత్తపడితే మాత్రం పూర్తిగా ఆపవచ్చు. కుక్క కరిచినా, గోరు గీరి చర్మం లేచినా, పుండు మీద నాకినా, ఆ చోటును పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి వైద్యులు చెప్పిన సూదులన్నీ పూర్తిగా వేయించుకోవాలి. కారం, సున్నం, పసరు ఏదీ పూయకూడదు. ఇంటి కుక్కే కదా అని ఊరుకోవడం కూడా తగదు. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా వేశాడు, ఆ తేదీని జూనోసిస్ దినంగా, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినంగా పాటిస్తూ మన పశుసంవర్ధక శాఖ ఏటా పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంది, వినియోగించుకోండి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను కదిలించకూడదని పాపకు నేర్పండి, మీరు పక్కన లేకుండా పాపనూ కుక్కనూ ఒక గదిలో వదలవద్దు.

తిండి సంగతి క్లుప్తంగా. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచితే మాంసకృత్తులు చాలవు. సంగటిలో గానీ అన్నంలో గానీ ఉడికించిన గుడ్డో, ఉప్పు కారం లేని కోడిమాంసమో కలపండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర మిగిలిందని వేయకండి, అవి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష విషమే. ఉడికించిన ఎముకలు పగిలి పేగులకు గుచ్చుకుంటాయి. పుట్టినరోజు కేకు కూడా ఈ జాబితాలోకే వస్తుందని పిల్లలకు ముందే చెప్పండి.

అద్దె ఇల్లు కాబట్టి యజమాని అనుమతిని మాటగా కాక రాసిచ్చిన కాగితంగా తీసుకోండి. కుక్కను ఇంటికి తెచ్చాక ఇల్లు ఖాళీ చేయమంటే ముందుగా వీధిన పడేది అదే. పెంపుడు కుక్క నమోదుకు ఏం కావాలో నగరపాలక సంస్థలో అడిగి తెలుసుకోండి. సంక్రాంతికి ఊరికి, తిరుమలకు, బంధువుల పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి. రైల్లో స్లీపర్‌లో గానీ, థర్డ్ ఏసీలో గానీ కుక్కను వెంట తీసుకుపోనివ్వరు, మొదటి తరగతి ఏసీలో క్యాబిన్ లేదా కూపే మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలో పంపాలి. పెద్ద జబ్బు చేసినప్పుడు మీ ఊరి పశువైద్యశాలతో సరిపోకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉందని గుర్తుంచుకోండి.

ఇవన్నీ విన్నాక మీ అమ్మగారు వద్దంటే, వద్దన్నట్టే. కారణాలు అడిగి వాదించకండి, బాబుతో ‘అవ్వ వద్దంది’ అని ఆమె మీదికి నెట్టకండి. ‘మనం పగలు ఇంట్లో ఉండలేం కాబట్టి ఇప్పుడు కుక్కను తెచ్చుకోలేం’ అని మీ మాటగానే చెప్పండి. పదకొండేళ్ల పిల్లవాడికి అది అర్థమవుతుంది. గేటు దగ్గరి నీళ్ల తొట్టి మాత్రం అలాగే కొనసాగనివ్వండి.